ముట్టుకోకుండా బాగుచేసే ఆమె

కంప్యూటర్ బాగుచేయడానికి వచ్చి, కంప్యూటర్‌ను ముట్టుకోకుండానే తిరిగిపోయే మనిషిని ఆమెనొక్కదాన్నే చూశాను. కుర్చీ లాక్కుని మన పక్కన కూర్చునేది. రెండు చేతులూ చంకల్లో దోపుకునేది, బాగా చలివేస్తున్నట్టు. మా ఎండల్లో అట్లా కూర్చున్న మనిషిని చూస్తే నవ్వొచ్చేది. మనం తప్పు నొక్కబోతే ఆమె కుడిచేయి సగం బయటికి వచ్చేది. అల్లరి మేకపిల్లను దొడ్లోకి తోసినట్టు దాన్ని మళ్లీ లోపలికి తోసేది.

"మీరే నొక్కొచ్చు కదా మేడం?" అని మొదట్లో ఒకసారి అడిగాను.

"నేను నొక్కితే బాగయిపోతాది," అంది. "మళ్లా చెడిపోతే మళ్లా నేనే రావాల. బత్తలపల్లె నుంచి మీ ఊరికి, ఈ గుంతల రోడ్డులో, ఈ ఎండలో. నా నడుము ఏం కావాల?"

ఇంతకంటే గొప్ప కారణం ఏదీ ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

ఆమె పోయిందని మొన్న తెలిసింది. పోయి చాలా రోజులయిందట. అది ఎట్లా తెలిసిందో తరువాత చెబుతాను. ముందు ఆమె ఎట్లా ఉండేదో చెప్పాలని ఉంది. ఆమె ఫోటో పెట్టి దండ వేసిన ఇల్లు ఎక్కడుందో నాకు తెలియదు.

బత్తలపల్లె బస్టాండు ఎదురుగా కింద టీ అంగడి, మెట్లెక్కి పైకి పోతే ఆమె గది. కొన్ని పాత కంప్యూటర్లు పెట్టుకుని పిల్లలకు నేర్పేది, చెడిపోయినవి చూసేది. అందరూ సెంటరామె అనే అనేవాళ్లు. ఎదురుగా ఉంటే మేడం. పొడుగు మనిషి. చేతికి మగవాళ్ల గడియారం. కొంగు నడుముకు బిగించి మోపెడ్ మీద వచ్చేది, వచ్చేటప్పుడు దారిలో ఎవరితో గొడవ పడిందో అది చెబుతూ దిగేది.

ఓపిక లేని మనిషి. బస్సు పూర్తిగా ఆగకముందే దిగేది. పొగలు కక్కే అన్నం ఊదుకోకుండా తినేది. మనం మాట మొదలుపెడితే చివరిదాకా చెప్పనిచ్చేది కాదు. మిగతా సగం తనే అనేసేది, అదీ తప్పుగా.

"మేడం, నిన్న మా ఇంట్లో..." అంటాను.

"మీ ఆయన తాగొచ్చినాడు. అంతే కదా?"

"కాదు మేడం. మా మేక ఈనింది."

"మంచిదే కదమ్మే. దానికి అంత మొగం యాలబెట్టినావు?"

మా ఓబుళమ్మత్త ఆమెను చూసి, "ఈమె తల్లి కడుపులో గూడా తొమ్మిది నెలలు ఆగి ఉండదు" అనేది.

అట్లాంటి మనిషి ఒక్కచోట ఆగేది. ఎదుటి మనిషి అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంటే ఆ తొందరంతా ఎక్కడికి పోయేదో తెలియదు. మాటలను సగంలో లాక్కునే ఆమె, చదివే మాటను మాత్రం ఎన్నడూ లాక్కోలేదు. అది ఆమె నాలుక చివరే ఉందని మనకు తెలుస్తూనే ఉండేది. అయినా పెదాలు బిగించుకుని, గోడ మీద బల్లి ఉంటే బల్లిని చూస్తూ, లేకపోతే వట్టి గోడను చూస్తూ కూర్చునేది.

నేను నలభై దాటినాక తెలుగు అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఇంగ్లీషు అక్షరాలు ఇంకా తరువాత, నూనె డబ్బాలకు చీటీలు అంటించేటప్పుడు పట్టుబడ్డాయి. నేను చదువుతుంటే మనుషులు ఎంతదాకా ఆగుతారో నాకు బాగా తెలుసు. మొదటి రెండు అక్షరాలదాకా ఆగుతారు. తరువాత వాళ్లే చెప్పేస్తారు, మంచితనంతోనే. ఆ మంచితనం ఆమె దగ్గర లేదు.

ఆమెకు ఊతపదం ఒకటి ఉండేది. "ఒకటి తగ్గింది." ఏదో ఒక ఉపాయం చేసి చూస్తాం. పని జరగదు. మనం ఉసూరుమంటాం. ఆమె మాత్రం సంతోషపడేది. "బాగుంది, ఒకటి తగ్గింది" అనేది. జబ్బు ఇది కాదని తేలితే, వెతకాల్సినవాటిలో ఒకటి తగ్గినట్టే కదా అని ఆమె ఉద్దేశం. ఒకసారి మా సంఘం నూనె గానుగ దగ్గర పచ్చి శెనక్కాయలు ఒలుచుకుని తింటుంటే, "మీ ఇంటాయన ఏం చేస్తారు మేడం?" అని అడిగాను.

"ఇంకొకామెతో పోయినాడు. ఎప్పుడో," అంది. నేను నోరు తెరిచేలోపే తనే, "ఒకటి తగ్గింది" అంది. ఓబుళమ్మత్త నవ్వి నవ్వి దగ్గుపట్టి, మేము వీపు రాయాల్సి వచ్చింది.

ఒకసారి కీబోర్డు తీసుకుని ఆమె గదికి పోయాను. అప్పటికే అక్కడ ధర్మవరం పట్టుచీరల వ్యాపారి ఒకాయన ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. వేళ్ల నిండా ఉంగరాలు. కింద కారు ఆగి ఉంది.

"నాకు టైము లేదమ్మా. దుడ్లు ఎంతైనా కానీ. నువ్వే చేసి ఇచ్చేయ్," అన్నాడు.

"నాకూ టైము లేదన్నా. కూసో. అది ఏమంటాందో చదువు."

"చదివేదానికేనా నీ దగ్గరికి వచ్చింది?"

"మరి దేనికి వచ్చినావు? మొగం చూపిచ్చేదానికా?"

ఆయన ల్యాప్‌టాప్ మూసి చంకన పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. కింద టీ అంగడాయనకు ఆమె మీద ఏదో చెప్పి పోయాడు, గొంతు పైకి వినిపించింది. ఆమె చేతులు చంకల్లో దోపుకుని నా వైపు తిరిగింది. "నీదేం కథ? చెప్పు."

కానీ ఆమె అంటే నాకు ముందు గుర్తొచ్చేది మా మెయిల్ తెరుచుకోని రోజే.

మాది ముదిగుబ్బ దోవలో చిన్న ఊరు. ఆడవాళ్లం సంఘంగా చేరి గానుగ పెట్టుకున్నాం. వేరుశనగ నూనె ఆడించి బెంగళూరులో ఒక అంగడికి పంపేవాళ్లం. సంఘానికి నేను సెక్రటరీని, ఓబుళమ్మత్త కోశాధికారి. ఆ ఏడు వేరుశనగకు ఊడలు దిగి కాయ పట్టే వేళకు వాన మొహం చాటేసింది. చేలల్లో చెట్టు ఉంది, కింద కాయ లేదు. బయటి నుంచి గింజలు కొని ఆడించాలి. కొనాలంటే ముందు నూనెకు గట్టి ఆర్డరు ఉండాలి. అది లేకపోతే గానుగను లీజుకు ఇచ్చేద్దామని సంఘంలో మాట నడుస్తోంది. తీసుకునేది ఓబుళమ్మత్త అల్లుడే. ఇచ్చేస్తే మేము కట్టుకున్న షెడ్డులో మేమే కూలికి పోవాలి. అత్తకూ అది ఇష్టం లేదు, అల్లుడిని కాదనే ధైర్యమూ లేదు.

అట్లాంటప్పుడు బెంగళూరు అంగడివాళ్లు ఏడాది పొడుగునా నూనె తీసుకుంటామన్నారు. మాకు సరేనని, రేట్ల కాగితం జతచేసి, ఆ రోజు సాయంత్రం ఐదులోగా మెయిల్ పంపాలి. పంపకపోతే వేరే గానుగకు ఇచ్చేస్తారు. ఫోన్‌లో చెబితే సరిపోతుందా అని అడిగాను. సంఘం మెయిల్ నుంచి వస్తేనే చెల్లుతుందన్నారు. ఆ మెయిల్ మా ఆఫీసు కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు. పాస్‌వర్డు పెట్టిన, సంఘం లెక్కలు రాసే పిల్ల పెళ్లయి వెళ్లిపోయింది. ఫోన్ చేసి అడిగితే ఆమెకూ గుర్తులేదు. గుర్తుపెట్టుకున్నది కంప్యూటర్ ఒక్కటే.

పొద్దున మెయిల్ బొమ్మ మీద నొక్కితే, చక్రం కాసేపు తిరిగి, చిన్న పెట్టె లాంటిది ఒకటి పైకి వచ్చింది. తీసేశాను. మళ్లీ నొక్కాను. మళ్లీ అదే. ముదిగుబ్బలో తెలిసినాయనకు ఫోన్ చేస్తే, అంతా తుడిచేసి కొత్తగా ఎక్కించాలన్నాడు. తుడిచేస్తే పాస్‌వర్డు కూడా పోతుంది కదా అన్నాను. పోతుందన్నాడు. అప్పుడు సెంటరామెకు ఫోన్ చేశాను.

ఆమె వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మోపెడ్ స్టాండు వేస్తూనే రోడ్డు వేసినవాళ్లను నాలుగు తిట్టి, లోపలికి వచ్చింది.

"ఏమ్మే సెక్రటరీ, ఏం చెప్పింది?"

"ఏం చెప్పలేదు మేడం. తెరుచుకోల."

"తెరుచుకోకుండా ఊరికే ఉండాదా?"

"చిన్న పెట్టె ఒకటి వచ్చింది. తీసేసినా."

"చదివినావా?"

"ఇంగ్లీషులో ఉండాది మేడం."

"ఇంటికి చుట్టం వచ్చి ఏదో చెప్పబోతే మొగం మీదనే తలుపేస్తావా? వాని భాష నీకు రాకపోయినా, ఏమప్పా ఏం కావాల అని అడగవా? నొక్కు మళ్లా."

నొక్కాను. పెట్టె వచ్చింది. ఆమె చేతులు చంకల్లోకి పోయాయి. "చదువు."

"ఏ... ఎల్... ఆర్..."

గుమ్మం దగ్గర గోనెసంచి పరుచుకుని కూర్చున్న ఓబుళమ్మత్త ఊరుకోలేదు. "ఈమె చదివేలోపల బెంగుళూరోళ్లు వేరేవాళ్ల నూనెతో వడలు కాల్చుకోని తిని పండుకుంటారు."

"అయితే నువ్వు రాత్తా. నువ్వు చదువు," అంది సెంటరామె.

అత్త చీర కొంగు సర్దుకుంది.

మొత్తం చదివాను. బయట గానుగ ఆపి, నూనె దిగిన చెక్క తీసి, కొత్త గింజలు పోసి మళ్లీ తిప్పడం మొదలుపెట్టారు. అంతసేపు పట్టింది. అక్షరాలు అతికి మాటలైనాక ఆమె అర్థం చెప్పింది. "'నేను ముందే నడుస్తాండా, కానీ పలకలేను. ముందరిదాన్ని మూస్తేనే కొత్తగా తెరుచుకుంటా' అంటాంది."

"యాడ నడుస్తాంది మేడం? తెరిస్తే కదా నడిచేది?"

"అదే కనుక్కోవాల."

మొదట కంప్యూటర్‌ను పద్ధతిగా మూయించి మళ్లీ తెరిపించింది. అదే పెట్టె. "ఒకటి తగ్గింది." మూడు మీటలు ఒకేసారి నొక్కమంది. నా రెండు చేతులూ పెట్టి నొక్కాను. ఆ క్షణాన లోపల ఏమేం పనిచేస్తున్నాయో వరసగా పేర్లు వచ్చాయి. పైనుంచి కిందిదాకా ఒక్కొక్కటే చదివించింది. మెయిల్ పేరు అందులో లేదు. "నడుస్తాండా అంటాంది, నడిచేవాళ్లలో లేదు," అంటూ తల ఊపింది. "ఇంకొకటి తగ్గింది." వైరస్ రాకుండా కాపలా కాసేది ఏదో అడ్డం పడుతోందనుకుంది. దాన్ని కాసేపు ఆపించింది. అదీ కాదు. "తప్పుగా అనుకుంటి," అంది, ఏమాత్రం బాధ లేకుండా.

నాకు మాత్రం గోడ గడియారం తప్ప ఏదీ కనిపించడం లేదు.

అప్పుడు ఆమె కంప్యూటర్ వైపు కాకుండా ఓబుళమ్మత్త వైపు తిరిగింది. "అత్తా, సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు దీన్ని ఎట్ల మూస్తారు?"

"ఎట్ల మూసేదేముంది? మెయిన్ దించేస్తాం."

"రోజూనా?"

"రోజూనే. మధ్యలో కరెంటు కొట్టుకున్నా దించేస్తాం. మా జాగ్రత్త వల్లనే ఇన్నేళ్లు కాలకుండా ఉండాది," అంది అత్త గర్వంగా.

మా దిక్కు బోరు మోటరు కాలిందంటే ఆ పంట పోయినట్టే. లైటు ఒక్కసారి మిణుకుమంటే చాలు, తినే అన్నం వదిలేసి స్టార్టర్ దగ్గరికి పరిగెత్తుతాం. చిన్నప్పటి నుంచీ ఒంటికి పట్టిన పని అది. ఆఫీసుకు కంప్యూటర్ వచ్చినాక దానికీ అదే మర్యాద చేశాం. కరెంటు పోయినా కాసేపు నిలబెట్టే బ్యాటరీ పెట్టె ఒకటి ఉండేది. అది ఉబ్బిపోయి మూలన పడింది.

ఆ రోజు ఆమె మొదటిసారి నవ్వింది. "అత్తా, ఇది బోరు మోటరు కాదు. మెయిల్ లోపలికి పోతానే గడియ పెట్టుకుంటాది, ఇంకొకరు జొరబడకుండా. పనయినాక గడియ తీసుకోని బయటికొస్తాది. మీరు మెయిన్ దించితే గడియ తీసేంత టైము దానికి యాడుండాది? ఉన్నపళంగా పోతాది. ఇన్నాళ్లు మెయిల్ మూసినాక దించినారేమో, నిన్న అది తెరిచుండంగానే దించినారు. పొద్దున్నే మళ్లా వస్తాది, తలుపు తోస్తాది, లోపల ఎవరో ఉండారనుకోని వాకిట్లోనే నిలబడుకుంటాది."

"లోపల ఎవరుండారు?" అంది అత్త భయంగా.

"ఎవరూ లేరు. గడియ ఉండాది, అంతే."

ఆ గడియను తీసేస్తే సరిపోతుంది. కానీ అది ఉన్నచోటనే మెయిల్‌కు సంబంధించిన సమస్తమూ ఉందట, పాస్‌వర్డుతో సహా. ముందు దానికి నకలు తీయాలంది. తన పెన్‌డ్రైవ్ నా చేతికి ఇచ్చి నన్నే పెట్టమంది. పచ్చగీత ఒకటి ఎడమనుంచి కుడికి పాకడం మొదలైంది. గంట నాలుగు దాటింది. గీత సగానికి కూడా రాలేదు.

"నకలు లేకుంటే ఏమవుతాది మేడం? తీసేద్దాం," అన్నాను.

"తీసేది నువ్వు. తొందరలో ఇంకోదాన్ని తీసేస్తే?"

కాళ్లు నేలకు కొట్టుకుంటోంది. ఆగడం ఆమెకూ కష్టంగానే ఉంది. అయినా చేతులు మాత్రం బయటికి రాలేదు.

అప్పుడే లైటు కొట్టుకుంది. ఒకసారి, మళ్లీ ఒకసారి.

ఓబుళమ్మత్త మోకాళ్ల నొప్పుల మనిషి. లేవాలంటే ఇద్దరం పట్టుకోవాలి. అట్లాంటి అత్త ఎప్పుడు లేచిందో, ఎప్పుడు మెయిన్ దగ్గరికి చేరిందో చూడలేదు. చేయి పైకెత్తింది. సెంటరామె కుర్చీ కింద పడింది. ఆమె పోయి స్విచ్ బోర్డుకు వీపు ఆనించి, రెండు చేతులూ చాపి నిలబడింది.

"కాలిపోతాది మేడం! పక్కకు జరుగు!"

"కాలితే నేను కొనిస్తా. కాలనీ."

"నువ్వు యాడ కొనిస్తావు? నీ మోపెడ్‌కే గతిలేదు!"

"లేదు. అయినా కొనిస్తా. కూసోత్తా."

ఇద్దరూ మొహాలు ఆనించినంత దగ్గరగా నిలబడి రొప్పుతున్నారు. ట్యూబులైటు ఇంకోసారి మిణుకుమని నిలబడింది. నేను గీతను చూస్తూ ఉన్నాను. అది మెల్లగా, తన పద్ధతిలో తను, కుడిపక్క చివరిదాకా పోయి మాయమైంది.

"అయింది మేడం."

ఆమె అక్కడి నుంచి కదల్లేదు. స్విచ్ బోర్డుకు ఆనుకునే చెప్పింది. "ఎల్, ఓ, సి, కె. పేరు చివర ఆ అక్షరాలు ఉండేదాన్ని ఎతుకు. అదొక్కటే తీసెయ్. వేరేది ముట్టుకోవద్దు."

వెతికాను. రెండుసార్లు చదువుకున్నాను. అంత దూరం నుంచి ఆమెకు తెర కనపడదు. నేను సరైనదే పట్టుకున్నానో లేదో చూడడానికి ఆమె రాలేదు. తీసేశాను. మెయిల్ బొమ్మ మీద నొక్కాను. చక్రం తిరిగింది. పెట్టె రాలేదు. తెర నిండా ఉత్తరాలు, పైనుంచి కిందికి, మేము చూడని రోజులవన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి.

"వచ్చినాయి!" అని అరిచాను. ఓబుళమ్మత్త నిలబడినచోటే చేతులు జోడించింది, ఎవరికో తెలియదు.

సెంటరామె కుర్చీ లేపి నిలబెట్టి, పెన్‌డ్రైవ్ అడిగి తీసుకుని, గింజల కుప్పలోంచి ఒక పిడికెడు తీసి కొంగున కట్టుకుంది. "పోతాండా."

"పంపేదాకా ఉండండి మేడం."

"పంపేది నీ పని. నాకెందుకు?"

లెక్కల పిల్ల పోయేముందే రేట్ల కాగితం తయారుచేసి పెట్టి ఉంది. దాన్ని తగిలించి, ఓకే అని రెండక్షరాలు కొట్టి పంపాను. ఐదు ఇంకా కాలేదు. గానుగ ఆపి అందరూ వచ్చి నా వెనక నిలబడ్డారు. కాసేపటికి అటు నుంచి జవాబు వచ్చింది. నేను చదివాను, ఒక్కో అక్షరమే. ఆ రోజు ఎవరూ తొందరపెట్టలేదు. అందిందని, వచ్చే నెల నుంచి నూనె పంపమని ఉంది. ఆమెకు చెబుదామని రోడ్డు మీదికి పరిగెత్తాను. మోపెడ్ దుమ్ము కూడా అణిగిపోయింది.

గానుగ మాకే నిలిచింది. అల్లుడు కొన్నాళ్లు మా దగ్గర నూనె కొనడం మానేశాడు, తరువాత మామూలైపోయాడు. ఓబుళమ్మత్త ఇప్పటికీ లైటు కొట్టుకుంటే లేస్తుంది. కాకపోతే చేయెత్తి ఆగి, "మూసినావా?" అని అడిగి, నేను మూశానంటేనే మెయిన్ దించుతుంది.

తరువాత ఆమెకు అప్పుడప్పుడూ ఫోన్ చేసేదాన్ని. మెయిల్ తెరుచుకోకపోయినా, ప్రింటరు కదలకపోయినా, ఫోన్ ఎత్తగానే "ఏం చెప్పింది?" అనేది. చదివి వినిపించేదాన్ని. చదువుతుంటే సగంలోనే నాకే తెలిసిపోయేది. "ఓ, తెలిసింది మేడం" అనేలోపు ఫోన్ పెట్టేసేది. రానురాను, ఫోన్ చేసేముందే చదువుకోవడం మొదలుపెట్టాను. చదువుకున్నాక ఫోన్ చేసే పని ఉండేది కాదు. ఆఖరుసారి ఎప్పుడు చేశానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

మొన్న ధర్మవరం పోతూ బత్తలపల్లెలో బస్సు మారడానికి దిగాను. ఎదురుగా పైకి చూస్తే ఆమె గదికి టైలరింగు బోర్డు ఉంది. సెంటరు ఎక్కడికి మార్చారని కింద టీ అంగడాయనను అడిగాను.

"మీకు తెలీదామ్మా? ఆషాఢంలోనే పోయింది. గుండెపోటు. పామిడి నుంచి తమ్ముడొచ్చి తీసుకపోయినాడు."

"మాకెవరూ చెప్పలేదన్నా."

"ఎవరికని చెప్పాలమ్మా? ఆ తమ్ముడూ నేనూ ఆమె ఫోన్ తీసి చూస్తిమి. పేర్లు శానా ఉండాయి. యా పేరు చూసినా మాట్లాడి ఏండ్లయినట్టుండాది. ఎవరు దగ్గరోళ్లో, ఎవరు ఊరికే వచ్చిపోయినోళ్లో మాకేం తెలుస్తాది? ఆమె దగ్గరికి ఒకతూరి వచ్చినోళ్లు మళ్లా వచ్చేదే లేదు కదమ్మా. ఇట్లయితే అంగడి ఎట్ల నడుస్తాదక్కా అని నేను చెప్తానే ఉంటి. నవ్వుతాండె."

ఆయన గ్లాసులు కడుగుతూ, "ఆమెతో ఏమన్నా పనుండెనా మీకు?" అని అడిగాడు.

"పనేం లేదన్నా. ఊరికే," అన్నాను.

అనేశాక తోచింది. చెడిపోయిన వస్తువేదీ చేతిలో లేకుండా ఆ మెట్లు ఎక్కవచ్చని ఇన్నేళ్లలో నాకెప్పుడూ అనిపించలేదు. ఆమెకూ అనిపించి ఉండదు. ఎక్కి ఉంటే, "ఏం చెప్పింది?" అని అడిగేది. ఏమీ చెప్పలేదు, ఊరికే వచ్చినా అని ఉంటే, ఆమె ఏమని ఉండేదో నాకు తెలియదు.

ధర్మవరం బస్సు వచ్చి ఆగింది. కండక్టరు పిలుస్తున్నాడు. నేను టీ చెప్పి బల్ల మీద కూర్చున్నాను.

"బస్సు పోతాందమ్మా," అన్నాడు టీ అంగడాయన.

"పోనీలే అన్నా," అన్నాను.